ఓటు హద్దులు మారునపుడు రైతులు మెలకువతో నుండవలయును

రైతునకు గట్టు విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. పొరుగువాడు నాగలి చాలొకటి గట్టులోనికి జరిపినచో ఆ సాయంకాలమునకే పెద్దమనుషులు చావడిలో కూడుదురు. హద్దురాయి వెదకుదురు, పహాణీ తీయుదురు, సర్వేయరును పిలిపింతురు. జానెడు నేలకై యింత జాగ్రత్తపడు మనము, మన ఓటు ఏ హద్దులో నున్నది, ఆ హద్దును ఎవరు గీసిరి, మరల నెప్పుడు గీయబోవుదురు అను సంగతిని మాత్రము అడుగుట లేదు. విత్తనములను గురించియు ఎరువులను గురించియు ప్రతి నెలయు వ్రాయుచునే యున్నాము. ఈ నెల ఈ గట్టును గురించి వ్రాయదలచితిమి.

మేము పొలముల వెంట తిరుగువారము. ఏ రాజకీయ పక్షమునకును చెందినవారము కాము. ఐనను మల్యాల, కొడిమ్యాల మండలములలో విత్తనశుద్ధి చేసి చూపుటకు పోయినపుడెల్ల, పని ముగిసి చెట్టు నీడను కూర్చున్న పిమ్మట, మాట ఏదో యొక విధముగ ఈ హద్దుల మీదికే వచ్చుచున్నది. ఒక వృద్ధ రైతు మాతో నిట్లనెను: "సారూ, మా ఓటు చొప్పదండి దిక్కు, మా కాయిదం జగిత్యాల దిక్కు, ఢిల్లీకి పోయే మెంబరేమో కరీంనగర్ దిక్కు. మేము ఏ దిక్కోళ్ళమో మీరే చెప్పుండ్రి." ఆయన నవ్వుచునే యనెను గాని ఆ మాటలో నవ్వులాట లేదు.

సంగతి యిట్లు జరిగినది. 2002 వ సంవత్సరపు చట్టము ననుసరించి జస్టిస్ కుల్‌దీప్ సింగ్ గారి అధ్యక్షతన నియోజకవర్గముల పునర్విభజన సంఘము ఏర్పడినది. అది 2001 జనాభా లెక్కలను ఆధారముగ గొని దేశమందలి నియోజకవర్గముల హద్దులను మరల గీసినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 7 కోట్ల 62 లక్షలు, శాసనసభ స్థానములు 294. అనగా స్థానమునకు సగటున సుమారు 2 లక్షల 59 వేల మంది. ఈ సగటునకు ప్రతి నియోజకవర్గమును వీలైనంత దగ్గరగ తెచ్చుట ఆ సంఘము చేసిన పని. 2008 లో ఆ ఉత్తరువు అమలులోనికి వచ్చినది. 2009 ఎన్నికలు క్రొత్త హద్దులతో జరిగినవి.

మన పూర్వపు కరీంనగరు జిల్లాలో స్థానములు ముందును పదమూడే, తరువాతను పదమూడే. కాని మెట్‌పల్లి, బుగ్గారము, నేరెళ్ళ, మేడారము, ఇందుర్తి, కమలాపురము అను ఆరు పేర్లు పటము నుండి పోయినవి. కోరుట్ల, ధర్మపురి, రామగుండము, వేములవాడ, మానకొండూరు, హుస్నాబాదు అను ఆరు పేర్లు వచ్చినవి. షెడ్యూల్డు కులముల వారికి పూర్వము నేరెళ్ళ, మేడారము స్థానము లుండగా, క్రొత్త పటములో ధర్మపురి, చొప్పదండి, మానకొండూరు ప్రత్యేకింపబడినవి. మన కొండగట్టు ప్రాంతపు మల్యాల, కొడిమ్యాల మండలములు, గంగాధర, రామడుగు, చొప్పదండి, బోయినపల్లి మండలములతో కలిసి చొప్పదండి నియోజకవర్గ మయినవి.

ఇంతవరకు జరిగినది ఒక యెత్తు. ఆ ఆరు మండలములును అప్పుడు కరీంనగరు జిల్లాలోనివే కనుక ఓటు హద్దు మారినను కలెక్టరు మాత్ర మొక్కడే. 2016 అక్టోబరు 11 వ తేదీన, విజయదశమి నాడు, తెలంగాణములోని పది జిల్లాలు 31 జిల్లాలైనవి. మల్యాల, కొడిమ్యాల జగిత్యాల జిల్లాకు పోయినవి. బోయినపల్లి రాజన్న సిరిసిల్ల జిల్లాకు పోయినది. గంగాధర, రామడుగు, చొప్పదండి కరీంనగరు జిల్లాలో నిలిచినవి. ఓటు గీత కదలలేదు, దాని క్రింది జిల్లా గీత కదలినది. ఒక్క శాసనసభ్యుడు, ముగ్గురు కలెక్టర్లు అను స్థితి యిట్లు కలిగినది.

జగిత్యాల జిల్లా వైపు నుండి చూచినచో చిక్కు మరింత స్పష్టముగ గనబడును. కోరుట్ల, జగిత్యాల నియోజకవర్గములు నిజామాబాదు లోక్‌సభ స్థానములో నున్నవి. ధర్మపురి పెద్దపల్లి స్థానములో నున్నది. మల్యాల, కొడిమ్యాల చొప్పదండి ద్వారమునను, కథలాపూరు, మేడిపల్లి వేములవాడ ద్వారమునను కరీంనగరు స్థానములో నున్నవి. ఒక్క జిల్లా గ్రామములు అయిదు శాసనసభ నియోజకవర్గములలోను, మూడు లోక్‌సభ స్థానములలోను చీలియున్నవి.

ఈ స్థితిని గురించి మేము విన్న ఫిర్యాదులు మూడు విధములుగ నున్నవి. వానిలో న్యాయమైన దేదో, కానిదేదో విడదీసి చూచుట మంచిది.

మొదటి ఫిర్యాదు తిరుగుళ్ళను గురించినది. వడగండ్లు పడినచో అవి జిల్లా హద్దు చూచి పడవు. ఒక్క వానకు గంగాధరలోను, మల్యాలలోను, బోయినపల్లిలోను వరి నేలకొరగును. కాని నష్టపు లెక్క మూడు జిల్లాల అధికారులు వేరు వేరుగ వ్రాయుదురు. ధాన్యపు కొనుగోలు కేంద్రముల ఏర్పాటు జిల్లా కలెక్టరు చేతిలో నుండును. ఆ మూడు చోట్లను మన గోడు చెప్పవలసిన శాసనసభ్యుడు ఒక్కడు. ఆయన ఎంత మంచివాడైనను మూడు కచేరీల మెట్లెక్కక తప్పదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే.

దారుల సంగతియు నిట్టిదే. 2018 సెప్టెంబరు 11 వ తేదీన శనివారంపేట నుండి జగిత్యాలకు పోవుచున్న బస్సు కొండగట్టు ఘాటు దారిలో లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు కొడిమ్యాల మండలపు పల్లెలవారు. ఆ దుఃఖము ఈ ప్రాంతపు ఇండ్లలో ఇంకను చల్లారలేదు. దానిని ఇక్కడ తలచుటకు కారణ మొక్కటే. ఆ పల్లెల జనము నిత్యము ఏ పట్టణమునకు పోవుచున్నారో ఆ బస్సు చెప్పుచున్నది. జనము నడచు దారి యొక వైపును, వారి ఓటు మరియొక వైపును పోయినపుడు, ఆ దారి బాగోగులను ఎవరి ముందు పెట్టవలయునో పల్లెవారికి తోచదు.

రెండవ ఫిర్యాదు, "మా మండలము చివర పడినది, మమ్ము నడుగువారు లేరు" అనునది. ఇది కొంత నిజము, కొంత అలవాటు. ఆరు మండలములు కలిసిన చోట ఏదో యొకటి చివర నుండక తప్పదు. 1985 లో తాలూకాలు పోయి మండలములు వచ్చినపుడును ఇట్టి మాటలే వినబడినవని పెద్దలు చెప్పుదురు. నేడు ఆ మండలమునే మనము "మా మండలము" అని చెప్పుకొనుచున్నాము. హద్దు మారినంత మాత్రమున కీడు కలుగదు. ఆ హద్దు మన బ్రదుకుతెరువును కలుపుచున్నదా, కోయుచున్నదా యని చూడవలయును.

ఇందులకు మన ప్రక్కనే యొక దృష్టాంతము గలదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములలో పసుపు పండించువారు తమ పంటను ఎక్కువగ నిజామాబాదు మార్కెటునకు కొనిపోవుదురు. జిల్లా వేరైనను 2009 నుండి వారు నిజామాబాదు లోక్‌సభ స్థానములో, అక్కడి పసుపు రైతులతో నొక్కటిగ నున్నారు. 2019 ఎన్నికలలో పసుపునకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధరయు, పసుపు బోర్డును కోరుచు 170 మందికి పైగా రైతులు ఆ స్థానమునకు పోటీచేసిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది. ఓటింగు యంత్రములను ప్రత్యేకముగ ఏర్పాటు చేయవలసి వచ్చినది. దేశమంతయు ఆ పసుపు రైతుల మాట వినినది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ఆరంభమైనది. ఆ ఫలము ఎవరి వలన కలిగినదను వాదము మాకు వలదు. రెండు జిల్లాల పసుపు రైతులు ఒక్క ఓటు హద్దులో నుండుట చేతనే ఒక్క గొంతుతో అడుగగలిగిరి. ఒకే పంట, ఒకే మార్కెటు, ఒకే కాలువ గల వారిని కలుపు హద్దు రైతునకు బలము నిచ్చును. వారిని విడదీయు హద్దు బలహీనపరచును.

మూడవ ఫిర్యాదును కొందరు బహిరంగముగ చెప్పరు, గుసగుసగ చెప్పుదురు. "మా స్థానము ప్రత్యేకింపబడినది గనుక మా వారికి నిలిచే యోగము లేదు" అని. ఈ ఫిర్యాదులో మేము పాలుపంచుకొనజాలము. షెడ్యూల్డు కులముల జనసంఖ్య సాపేక్షముగ ఎక్కువగ నున్న చోట్లను, రాష్ట్రమున వేరు వేరు భాగములలో, ఆ స్థానముల నుంచవలయునని చట్టము చెప్పుచున్నది. స్థానము ప్రత్యేకింపబడినను ఓటు ఎవరిదియు పోలేదు. నిలుచువాడు ఎవరైనను అతనిని ఎన్నుకొనునది, ప్రశ్నించునది ఊరంతయు. తరతరములు పరుల గట్ల మీద పనిచేసి తమకు సొంత గట్టు లేనివారికి శాసనసభలో నొక చోటు దక్కినచో, దానిని నష్టముగ లెక్కించుట పెద్దమనుషుల లక్షణము గాదు. ఇట్టి స్థానములు పంచాయతీ స్థానములవలె ప్రతి ఎన్నికకు మారునవి కావు, మరల పునర్విభజన జరుగువరకు నిలుచును. ఈ పద్ధతి మారవలయునని వాదింపదలచినవారు దానిని చట్టము ముందు పెట్టి వాదింతురు గాక. దారి, కాలువ, మార్కెటు అను న్యాయమైన దరఖాస్తులో ఈ గుసగుసను కలిపినచో దరఖాస్తు మొత్తము చెడిపోవును.

ఓటు హద్దును ఎకరములనుబట్టి గీయరాదా యని ఒకరిద్దరు మమ్మడిగిరి. 2020 లో రైతువేదికలు కట్టినపుడు సుమారు 5,000 ఎకరముల కొక్కటిగ క్లస్టరులు ఏర్పరచిరి గదా యని వారి భావము. మా వంటి వ్యవసాయోద్యోగి తిరుగవలసిన నేలను ఎకరములతో కొలుచుట సరియే. ఓటును అట్లు కొలువరాదు. పదెకరముల ఆసామికిని, అతని పొలములో కూలి చేయు స్త్రీకిని ఓటు ఒక్కటే. కావున ఆ హద్దునకు తలల లెక్కయే ఆధారము. ఈ లెక్కను కాదని మనము ఏమి అడిగినను ఎవరును వినరు. ఈ లెక్కలో ఇమిడినట్లుగ అడిగినచో వినుట కవకాశము గలదు.

అడుగుటకు తగిన కాల మెప్పుడు? ఇది రైతులు ముఖ్యముగ తెలిసికొనవలసిన విషయము. 2002 చట్టము క్రింద నేర్పడిన సంఘములో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి నిర్వహించినవారు అధ్యక్షులుగను, ప్రధాన ఎన్నికల కమీషనరు లేక వారి ప్రతినిధియు, రాష్ట్ర ఎన్నికల కమీషనరును సభ్యులుగను ఉండిరి. రాష్ట్రమునుండి అయిదుగురు పార్లమెంటు సభ్యులు, అయిదుగురు శాసనసభ్యులు సహాయసభ్యులుగ కూర్చుండిరి గాని వారికి ఓటు లేదు. సంఘము మొదట తన ప్రతిపాదనలను గెజెటులో ప్రకటింపవలయును. ఒక తేదీ చెప్పి ఆలోగా వచ్చిన ఆక్షేపణలను, సూచనలను విచారింపవలయును. బహిరంగ సభలు జరుపవలయును. తుది యుత్తరువు వెలువడిన తరువాత అది చట్టముతో సమానము. ఘోరమైన అన్యాయము కనబడిననే తప్ప న్యాయస్థానములు దాని జోలికి పోవు. పంట కోసిన తరువాత కలుపు తీయుట ఎట్టిదో, ఉత్తరువు వచ్చిన పిమ్మట ధర్నా చేయుట అట్టిది.

సకాలమున పలికినచో ఫలము కలుగుననుటకు సిరిసిల్ల సాక్షి. 2016 ఆగస్టు 22 వ తేదీన జిల్లాల ముసాయిదా ప్రకటించినపుడు అందులో సిరిసిల్ల జిల్లా లేదు. ఆక్షేపణలకు ముప్పది దినములు గడు విచ్చిరి. మరమగ్గముల వారు, వర్తకులు, చుట్టుపట్ల రైతులు దుకాణములు మూసి, ర్యాలీలు తీసి, అర్జీలు పెట్టి తమ కోరికను వినిపించిరి. అక్టోబరు 11 న వెలువడిన తుది జాబితాలో రాజన్న సిరిసిల్ల జిల్లా యున్నది. అది జిల్లాల పని, ప్రభుత్వపు చేతిలోనిది. నియోజకవర్గముల పని స్వతంత్ర సంఘము చేతిలోనిది గనుక అక్కడ ఊరేగింపుకంటె అంకెలకు బలమెక్కువ. కాని ముసాయిదా నాడే మేల్కొనవలయునను నీతి రెంటికిని సమానమే.

మరల గీతలు గీయు కాలమును గురించి చట్టములు చెప్పినది యిది. 2001 నాటి 84 వ రాజ్యాంగ సవరణ, 2026 తరువాత జరుగు మొదటి జనాభా లెక్కల వరకు రాష్ట్రముల స్థానముల సంఖ్యను కదల్పరాదని విధించినది. 2014 పునర్విభజన చట్టము తెలంగాణ శాసనసభ స్థానములను 119 నుండి 153 కు పెంచవలయునని చెప్పినను, ఆ పని రాజ్యాంగపు గడువునకు లోబడియే జరుగవలయునని 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 2027 మార్చి 1 వ తేదీని ఆధారముగ గొని జనాభా లెక్కలు జరుపుటకు ప్రకటన చేసినది. 2023 నాటి సవరణ, స్త్రీలకు మూడవ వంతు స్థానములను, తరువాతి పునర్విభజనతో ముడిపెట్టినది.

153 స్థానములైనచో ఏమగునో రైతు లెక్కగట్టుకొనవచ్చును. 2011 లెక్కలలో తెలంగాణ జనాభా సుమారు 3 కోట్ల 50 లక్షలు. దానిని 119 తో భాగించిన స్థానమునకు సుమారు 2 లక్షల 94 వేలు. 153 తో భాగించిన సుమారు 2 లక్షల 29 వేలు. అనగా ప్రతి నియోజకవర్గమును కుదించుకొనవలయును, ప్రతి హద్దును కదలవలయును. ఆనాడు మల్యాల ఎటు పోవును, కొడిమ్యాల ఎటు పోవును, కథలాపూరు ఎటు పోవును?

దక్షిణ రాష్ట్రములకు లోక్‌సభలో స్థానములు తగ్గునేమో యని నాయకులు వాదించుచున్నారు. 2025 మార్చి 22 వ తేదీన చెన్నపట్టణములో జరిగిన సమావేశమునకు మన ముఖ్యమంత్రియు పోయిరి. ఆ వాదము పెద్దది, దానిని పెద్దలు చేయుదురు. కాని మల్యాలకును జగిత్యాలకును నడుమ గీత ఎక్కడ పడవలయునను చిన్న వాదమును మన తరపున ఢిల్లీలోగాని హైదరాబాదులోగాని ఎవరును చేయరు. అది మనమే చేసికొనవలసిన పని.

కావున మా సలహా యిది. ప్రతి సహకార సంఘమును తన సర్వసభ్య సమావేశములో ఈ విషయమును ఇప్పుడే చర్చింపవలయును. మల్యాల వారందరును జగిత్యాలనే కోరుదురని మేము చెప్పము. కొండగట్టు జగిత్యాల–కరీంనగరు రహదారి మీదనే యున్నది గనుక కరీంనగరు వైపు పని గలవారును ఉన్నారు. ముందు మనలో మనకు మాట కుదురవలయును. కుదిరిన మాటను తీర్మానముగ వ్రాయవలయును. ఆ తీర్మానములో గ్రామముల పేర్లు, జనాభా లెక్కలలోని వారి సంఖ్యలు, బస్సు దారులు, ధాన్యము పోవు మార్కెటు, నీరు వచ్చు కాలువ, సంఘపు హద్దు ఉండవలయును. పార్టీ పేరుగాని, కులము పేరుగాని, ఏ నాయకుని పేరుగాని ఉండరాదు.

మరియొక సంగతి మరువరాదు. ఒక మండలమును ఒక స్థానము నుండి తీసినచో అక్కడ తలల లెక్క తగ్గును, చేర్చిన చోట పెరుగును. కావున "మమ్ము అటు మార్చుడు" అని వ్రాసి ఊరకుండిన చాలదు. మారిన పిమ్మట రెండు వైపులను సంఖ్య ఎట్లు సరిపోవునో చూపవలయును. ఇందుకు పొరుగు మండలపు సంఘముతో కూర్చుండి మాటలాడుట తప్పదు. గట్టు తగవులో ఇద్దరు రైతులును కలిసి హద్దురాయి పాతినచో ఆ రాయి నిలుచును, ఒక్కడు రాత్రివేళ పాతిన రాయి తెల్లవారుసరికి పెరికివేయబడును.

మా అభిప్రాయమును దాచుకొనము. తలల లెక్క అనుమతించినంతవరకు, ఒక జిల్లా మండలములు ఆ జిల్లా నియోజకవర్గములలోనే యుండుట రైతునకు మేలు. అది కుదరని చోట, ఒకే పంటవారు, ఒకే మార్కెటువారు ఒక్కచో నుండుట మేలు. ఇందుకొక నష్టమును గలదు. జిల్లా హద్దునే పట్టుకొనినచో బోయినపల్లి, మల్యాల రైతులు పదునేండ్లకు పైగా ఒక్క శాసనసభ్యుని కలిసి యడిగిన స్నేహము తెగును. కాని స్నేహమును నిలుపుటకు మనకు వేరు మార్గములు గలవు. జిల్లాలు ముక్కలైనను మన కరీంనగరు జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పాత జిల్లా సంఘములకు ఉమ్మడి బ్యాంకుగనే నిలిచినది గదా. ప్రభుత్వపు గీత విడదీసిన వారిని సహకారము కలిపి యుంచగలదు.

సభ్యులారా! పొలము గట్టు మీద మనము నిద్రపోము. ఈ గట్టు మీదను నిద్రపోరాదు. వచ్చు సర్వసభ్య సమావేశపు చర్చాంశములలో ఈ విషయము నొకటిగ చేర్పుమని మీ మీ సంఘ కార్యదర్శులను అడుగుడు. సమావేశమునకు స్త్రీ సభ్యులను తప్పక పిలువుడు, ఏ కచేరీకి ఎన్నిసార్లు తిరిగిరో వారికే బాగుగ జ్ఞాపకముండును. ముసాయిదా వెలువడిన నాడు మన కాగితము సిద్ధముగ నుండవలయును.